మన వివరముల చిట్టాకు ఆడిటరు ఎవరు?

సహకార సంఘములో చిట్టా వ్రాయువాడు ఒకడు, దానిని తనిఖీ చేయువాడు వేరొకడు. ఇది మన సంఘములు పుట్టిన నాటినుండి ఉన్న కట్టుబాటు. కార్యదర్శి ఎంత నమ్మకస్థుడైనను, అధ్యక్షుడు ఎంత పెద్దమనిషియైనను, ఆడిటరు వచ్చి నూలు నిల్వ తూచి, చీరెల లెక్క చూచి, రోకడు పుస్తకమును ఆవర్జాతో సరిపోల్చిన తరువాతనే మహాసభలో లెక్కలు చదువుదుము. ఆ ఆడిటరును కార్యదర్శియే కుదుర్చుకొని, కార్యదర్శియే జీతమిచ్చి, ఇష్టము లేనప్పుడు కార్యదర్శియే తీసివేయవచ్చునన్నచో ఏ సభ్యుడును ఆ ఆడిటును నమ్మడు. తమిళనాడులో సహకార ఆడిట్ శాఖ, సంఘములను నడిపించు రిజిస్ట్రారు చేతి క్రింద గాక ఆర్థిక శాఖ క్రింద ఉన్నది. అందులోని న్యాయము ఇదియే.

షేరు ధనమునకు, అప్పులకు, నూలుకు ఈ కట్టుబాటున్నది. కాని సభ్యుడు నేడు కార్యాలయములకు అప్పగించుచున్నది అంతమాత్రమే కాదు. తన పేరు, తండ్రి పేరు, కులము, వయస్సు, ఇంటిలో మగ్గములెన్ని, నెలకు ఎన్ని దినములు పని, అప్పు ఎంత, బ్యాంకు ఖాతా సంఖ్య, ఆధారు సంఖ్య, పది వ్రేళ్ల ముద్రలు, కనుపాప ముద్ర, ఇవన్నియు ఇచ్చుచున్నాడు. ఈ సొత్తుకు చిట్టాలు వ్రాయువారు చాలమంది కలరు. ఆ చిట్టాలను తనిఖీ చేయువారు ఎవరు? వారిని నియమించునది ఎవరు? ఈ సంగతిని గూర్చి మన వారిలో చర్చ తక్కువగా ఉన్నది గనుక కొంచెము విపులముగా వ్రాయుచున్నాను.

మన పేర్లు ఎక్కడెక్కడ ఉన్నవి?

2019-20లో జరిగిన నాలుగవ అఖిల భారత చేనేత గణనలో 35 లక్షల 22 వేల మంది నేత, అనుబంధ కార్మికులు లెక్కకు వచ్చిరి. మగ్గము మీద కూర్చుండువారు 26 లక్షల 73 వేలు. ఆసు పోయుట, కండెలు చుట్టుట, అద్దకము మొదలగు పనులు చేయువారు సుమారు 8 లక్షల 48 వేలు. కులము, చదువు, ఆదాయము, అప్పు, అన్నియు అడిగి వ్రాసికొనిరి. ఆ లెక్కను ఆధారము చేసికొని గుర్తింపు కార్డులు వచ్చినవి. కార్డు చూపినగాని నూలు రాయితీ లేదు, ముద్రా ఋణము లేదు. దీనికి పైన రాష్ట్రముల పద్దులు వేరు. కర్ణాటకములో నేకార సమ్మాన యోజన పద్దు, తమిళనాట చేతిమగ్గములకు ఇచ్చు ఉచిత విద్యుత్తు పద్దు, అన్ని చోట్లను రేషను, ఆరోగ్య బీమా, పింఛను పద్దులు. యానాములో నున్న నేతగాని వివరములు పుదుచ్చేరికి పోవును. షోలాపురములో నున్నవానివి ముంబయికి. బరంపురము వానివి భువనేశ్వరమునకు. అందరివియు చివరకు ఢిల్లీకి పోవును.

దేశ జనాభా లెక్కలకు 1948 నాటి చట్టము ఒకటి కలదు. ఆ చట్టములోని 15వ సెక్షను ప్రకారము గణకుడు వ్రాసికొన్న పుస్తకమును ఎవరును తెరచి చూడరాదు, కోర్టులో సాక్ష్యముగా కూడ వాడరాదు. పాత చట్టమైనను చాల గట్టిది. మన చేనేత గణన ఆ చట్టము క్రింద జరుగునది కాదు. అది లెక్కయు ఔను, లబ్ధిదారుల పట్టీయు ఔను.

బయట పడిన సంగతులు

2017 మే నెలలో బెంగుళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అను సంస్థ ఒక నివేదిక ప్రకటించెను. నాలుగు ప్రభుత్వ పథకముల వెబ్‌సైట్లను పరిశీలించి, సుమారు 13 కోట్ల మంది ఆధారు సంఖ్యలు, దాదాపు 10 కోట్ల బ్యాంకు ఖాతా సంఖ్యలు ఎవరైనను చూడగల స్థితిలో ఉన్నట్లు వారు అంచనా వేసిరి. ఆ నాలుగింటిలో రెండు ఆంధ్ర ప్రదేశమువి: ఉపాధి హామీ కూలి చెల్లింపుల పట్టీ ఒకటి, చంద్రన్న బీమా ఒకటి. ఆ సంవత్సరమే సుమారు 210 ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఇట్టి వివరములు కనుపించినట్లును, వాటిని తీసివేయించినట్లును ఆధారు సంస్థయే ఒప్పుకొన్నది. 2018 ఏప్రిలులో ఆంధ్ర ప్రదేశ్ గృహ నిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షకు పైగా లబ్ధిదారుల ఆధారు సంఖ్యలు కులము, మతము సహా కనుపించుచున్నవని పత్రికలలో వచ్చినది.

ఎవరును తాళము పగులగొట్టలేదు. దొంగ లేడు. గుమాస్తా పట్టీని గోడకు అంటించినట్లు తెరపై అంటించిరి, అంతే. నిజమునకు పట్టీలు బహిరంగముగా పెట్టుటలో ఒక మంచి ఉద్దేశమున్నది: ఎవరికి ఎంత ముట్టినదో ఊరివారు చూచుకొనవలెను. పేరు, గ్రామము, ముట్టిన మొత్తము చూపినచో చాలును. ఖాతా సంఖ్య ఎందుకు? ఈ ప్రశ్న పట్టీ తయారు చేసిన శాఖలో ఎవరికిని తోచలేదు. తోచవలసిన బాధ్యత ఎవరికిని అప్పగింపబడలేదు గదా!

ఇక వేలిముద్ర సంగతి. మన వాడలలోనికి బ్యాంకు మిత్ర చిన్న యంత్రము తెచ్చును. ఆధారు సంఖ్య చెప్పి, బ్యాంకు పేరు చెప్పి, వ్రేలు పెట్టినచో రూకలు చేతికి వచ్చును. గుప్త సంఖ్య అక్కరలేదు, ఫోనుకు సందేశము వచ్చి దానిని చెప్పవలసిన పనియు లేదు. చదువు రానివారికి ఇది గొప్ప సౌకర్యము, కాదనను. కాని తాళమునకు వ్రేలే చెవి అయినప్పుడు ఆ వ్రేలి అచ్చు ఎక్కడెక్కడ ఉన్నదో చూచుకొనవలెను గదా. 2018లో తెలంగాణములోని పెద్దపల్లి జిల్లా ధర్మారములో ఒక సిమ్ కార్డుల వర్తకుడు రిజిస్ట్రేషను శాఖ వెబ్‌సైటు నుండి భూమి దస్తావేజుల ప్రతులు దింపుకొని, వాటిపై అమ్మినవారు కొన్నవారు వేసిన వేలిముద్రలను రబ్బరు ముద్రలుగా చేయించి, వాటితో వేల కొలది సిమ్ కార్డులను చలామణిలోనికి తెచ్చెను. పోలీసులు పట్టుకొనిరి. ఆ తరువాత అదే ఉపాయముతో బ్యాంకు ఖాతాల నుండి ధనము తీసిన కేసులు పలు రాష్ట్రములలో బయట పడినవి. 2023లో బెంగుళూరులో ఇట్లే ఇల్లు రిజిస్టరు చేసికొన్నవారి ఖాతాల నుండి డబ్బు పోయినదని ఫిర్యాదులు వచ్చిన మీదట దస్తావేజు ప్రతులలో వేలిముద్రలను కప్పివేయవలసి వచ్చినది.

దస్తావేజును జాగ్రత్త పరచుట రిజిస్ట్రేషను శాఖ పని. ఆ శాఖ తన పని తాను చేసినది. వేలిముద్ర బ్యాంకు చెవియైనది గనుక పాత దస్తావేజు కూడ అపాయకరమైనదని చెప్పవలసినవాడు ఈ శాఖలోనివాడు కాడు, ఆ బ్యాంకులోనివాడును కాడు. రెంటిని బయట నుండి చూడగలవాడు ఒకడు ఉండవలెను. పైన చెప్పిన సంగతులలో ఒక్కదానిని కూడ అట్టి అధికారి కనుగొనలేదు. పరిశోధకులు, విలేఖరులు, పోలీసులు, డబ్బు పోగొట్టుకొన్నవారు కనుగొనిరి. 2018 జనవరిలో 500 రూపాయలిచ్చినచో ఆధారు వివరములు దొరకుచున్నవని చండీగఢ్ ట్రిబ్యూన్ పత్రిక వ్రాసినప్పుడు ఆధారు సంస్థ ఇచ్చిన ఫిర్యాదుపై నమోదైన కేసులో విలేఖరి పేరు కూడ ఎక్కినది. ఇంకొక విశేషము: 2016 ఆధారు చట్టము ప్రకారము తప్పు జరిగినదని కోర్టుకు ఫిర్యాదు చేయు హక్కు ఆధారు సంస్థకే ఉండెను. సొత్తు పోయినవానికి లేదు. 2019లో చట్టమును సవరించి కార్డుదారునికి ఆ హక్కు ఇచ్చిరి.

చట్టము వచ్చినది

ఈ మార్పులకు వెనుక ఒక వృద్ధుని పట్టుదల ఉన్నది. కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె. ఎస్. పుట్టస్వామిగారు ఎనుబది దాటిన వయస్సులో, 2012లో, ఆధారును ప్రశ్నించుచు సుప్రీముకోర్టుకు వెళ్లిరి. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవముగా గోప్యత రాజ్యాంగము ఇచ్చిన ప్రాథమిక హక్కని చెప్పిరి. మరుసటి సంవత్సరము సెప్టెంబరు 26న అయిదుగురిలో నలుగురు ప్రభుత్వ రాయితీలకు ఆధారు అడుగవచ్చునని తీర్పిచ్చిరి. ప్రైవేటు కంపెనీలు అడుగుటకు వీలిచ్చిన భాగమును కొట్టివేసిరి.

ఆ నడుమ జస్టిస్ బి. ఎన్. శ్రీకృష్ణగారి కమిటీ 2018 జూలైలో ఒక ముసాయిదా చట్టమును సమర్పించెను. పర్యవేక్షణాధికారులను ఎన్నుకొను సంఘములో భారత ప్రధాన న్యాయమూర్తి గాని, ఆయన సూచించిన సుప్రీముకోర్టు న్యాయమూర్తి గాని ఉండవలెనని అందులో ఉన్నది. 2019 బిల్లులో న్యాయమూర్తి పోయి కార్యదర్శులు మిగిలిరి. ఆ బిల్లును వెనుకకు తీసికొన్న తరువాత 2023 ఆగస్టులో వచ్చిన చట్టమే డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టము. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి. బోర్డుకు సంబంధించిన సెక్షనులు వెంటనే అమలునకు వచ్చినవి. కార్యాలయములు, కంపెనీలు పాటింపవలసిన ముఖ్య బాధ్యతలకు 18 నెలల గడువు పెట్టిరి. ఆ లెక్కకు 2027 మే నెల అగును.

చట్టములో మేలు లేదనుట అన్యాయము. వివరములు బయటికి పోయినచో ఆ సంగతి బోర్డుకే కాదు, నష్టపోయిన ప్రతి మనిషికి కూడ తెలియజేయవలెను. తప్పుగా నున్న వివరములు దిద్దించుకొను హక్కున్నది. సమ్మతి కోరునప్పుడు ఇచ్చు నోటీసును ఇంగ్లీషులో గాని, రాజ్యాంగము ఎనిమిదవ షెడ్యూలులోని ఏ భాషలో గాని చదువుకొను వీలు కల్పింపవలెను. ఈ చివరి మాటను మన వారు గుర్తుంచుకొనవలెను. తెలుగు ఆ షెడ్యూలులో ఉన్నది. షోలాపురములోనైనను, సేలములోనైనను, బరంపురములోనైనను నేత కుటుంబము తెలుగు నోటీసును హక్కుగా కోరవచ్చును. అయితే రాయితీ, లబ్ధి, ధ్రువపత్రము ఇచ్చుటకు ప్రభుత్వము వాడుకొనునప్పుడు అన్ని సందర్భములలోను క్రొత్తగా సమ్మతి అడుగనక్కరలేదని ఏడవ సెక్షను చెప్పుచున్నది. మనకు పనిబడునది ఎక్కువగా అక్కడనే!

ఇక ఆడిటరు సంగతి. భారత డేటా రక్షణ బోర్డు స్వతంత్రముగా పనిచేయవలెనని చట్టములో స్పష్టముగా వ్రాసినారు. కాని అధ్యక్షుని, సభ్యులను నియమించునది కేంద్ర ప్రభుత్వము. అధ్యక్షుని పేరు సూచించు కమిటీకి క్యాబినెట్ కార్యదర్శి అధ్యక్షులు. ఇద్దరు శాఖా కార్యదర్శులు, ఇద్దరు నిపుణులు ఆ కమిటీలో ఉందురు. న్యాయమూర్తి లేడు, ప్రతిపక్షమువాడు లేడు. పదవీకాలము రెండు సంవత్సరములు, తిరిగి నియమింపవచ్చును. రెండేండ్లకొకసారి తన పదవి పొడిగింపు కొరకు ఎవరి ముఖము చూడవలెనో వారి పద్దులనే తనిఖీ చేయుమనుట! మన సంఘములో ఇట్లు చేసినచో సభ్యులు ఊరుకొందురా?

ప్రభుత్వము నోటిఫై చేసిన తన సంస్థలకు దేశ భద్రత, శాంతిభద్రతలు మొదలగు కారణములపై చట్టము నుండి పూర్తి మినహాయింపు ఇయ్యవచ్చును. పని తీరిన తరువాత వివరములను తుడిచివేయవలెనను నియమము ప్రభుత్వమునకు వర్తింపదు. నిర్ణీత ప్రమాణములను పాటించి, గణాంకములకు మాత్రమే వాడి, ఏ ఒక్క మనిషిని గూర్చియు నిర్ణయము చేయనిచో దానికిని మినహాయింపే. చేనేత గణన గణాంకమా, లబ్ధిదారుల పట్టీయా అని పైన నేనన్నది అందులకే. రెండును ఒకే పుస్తకములో ఉన్నప్పుడు మినహాయింపు ఎంతవరకో ఎవరు తేల్చుదురు?

జరిమానాలు పెద్దవి. భద్రత లోపించినచో 250 కోట్ల వరకు వేయవచ్చును. అది పోయి భారత ప్రభుత్వ సంచిత నిధిలో పడును. ప్రైవేటు కంపెనీ చెల్లించినప్పుడు అది దండనయే. కేంద్ర శాఖ చెల్లించినప్పుడు ఒక జేబులోనిది ఇంకొక జేబులోనికి పోయినట్లే. ఖాతాలోని 8 వేలు పోగొట్టుకొన్న నేతగానికి ఈ చట్టము క్రింద ఒక్క రూపాయి నష్టపరిహారము లేదు. కంపెనీల అజాగ్రత్తకు నష్టపరిహారమిచ్చుటకు 2000 నాటి సమాచార సాంకేతిక చట్టములో ఒక సెక్షను ఉండెను. దానిని కూడ ఈ చట్టము తొలగించుచున్నది. ఇంకొక ప్రక్క అబద్ధపు ఫిర్యాదు, పనికిమాలిన ఫిర్యాదు చేసినచో పౌరునికి 10 వేల వరకు జరిమానా! బీదవాడు భయపడుటకు ఈ ఒక్క మాట చాలును.

ఇతర దేశములలో

ఈ ప్రశ్న మనకు క్రొత్త గాని లోకమునకు క్రొత్త కాదు. వ్యక్తిగత వివరముల రక్షణకు ప్రపంచములో మొట్టమొదటి చట్టము 1970లో పశ్చిమ జర్మనీలోని హెస్సె రాష్ట్రములో పుట్టినది. అది కంపెనీలకు కాక ప్రభుత్వ కార్యాలయములకే ఉద్దేశింపబడినది. అప్పుడప్పుడే ప్రభుత్వము పెద్ద కంప్యూటరులు తెప్పించి ప్రజల దస్త్రములను వాటిలోనికి ఎక్కించుచుండెను. శాసనసభవారు, సరే చేయుడు, కాని చూచుటకు మా మనిషి ఒకడుండవలెననిరి. ఆ కమీషనరును సభయే ఎన్నుకొనును. ప్రభుత్వము ఆయనకు ఆజ్ఞాపింపరాదు. ఏటేట ఆయన సభకు నివేదిక ఇచ్చును. మన మహాసభకు ఆడిట్ నివేదిక వచ్చినట్లే.

1983లో పశ్చిమ జర్మనీ జనాభా లెక్కలు తీయబోగా ప్రజలు అభ్యంతరము చెప్పిరి. లెక్కకు ఇచ్చిన వివరములను మునిసిపల్ కార్యాలయముల పుస్తకములు దిద్దుటకు కూడ వాడుకొనవచ్చునని ఆ చట్టములో ఉండెను. డిసెంబరు 15న అక్కడి రాజ్యాంగ న్యాయస్థానము దానిని కొట్టివేసి, తన వివరములు ఎవరికి ఎంత తెలియవలెనో నిర్ణయించుకొను హక్కు మనిషికున్నదని చెప్పెను. స్వతంత్ర పర్యవేక్షకులు ఉండుట అత్యవసరమనియు చెప్పెను. చట్టమును మార్చి 1987లో గాని లెక్క తీయలేకపోయిరి.

తరువాత ఐరోపా సమాఖ్య న్యాయస్థానము రెండు తీర్పులు ఇచ్చినది. 2010లో జర్మనీ రాష్ట్రములు పర్యవేక్షక సంస్థలపై తమ అజమాయిషీ ఉంచుకొనుట తగదనెను. ప్రభుత్వము ఒత్తిడి చేసినట్లు ఋజువు కానక్కరలేదు, చేయగల వీలుండుటయే స్వాతంత్ర్యమునకు లోపమని దాని సారాంశము. 2014లో హంగరీ దేశము ఆరేండ్లకు నియమించిన కమీషనరును గడువు తీరక ముందే దింపివేయుట తప్పనెను. మన రెండేండ్ల పదవీకాలమును వీటి ప్రక్కన పెట్టి చూడవలెను.

ఐరోపా సమాఖ్య తన సొంత కార్యాలయములను కనిపెట్టుటకే ప్రత్యేకముగా ఒక పర్యవేక్షకుని నియమించుకొన్నది. 2004 నుండి ఆ పదవి నడుచుచున్నది. పార్లమెంటు, సభ్య దేశముల మండలి కలిసి అయిదేండ్లకు నియమించును. 2022 జనవరిలో ఆ అధికారి సమాఖ్య పోలీసు సంస్థయైన యూరోపోల్‌ను, నేరముతో సంబంధమున్నదో లేదో తేల్చకుండ ఆరు నెలలకు మించి ఉంచుకొన్న జనుల వివరములను తుడిచివేయుమని ఆజ్ఞాపించెను. పోలీసులకు అట్లు చెప్పగలిగెను! అయితే కథ అంతటితో ముగియలేదు. ఆ జూనులోనే చట్టమును సవరించి పాత వివరములను ఉంచుకొనుటకు దారి చేసిరి. పర్యవేక్షకుడు కోర్టుకెక్కెను, 2023 సెప్టెంబరులో ఆ దావా వేయుటకు ఆయనకు అర్హత లేదని కొట్టివేసిరి. స్వతంత్ర అధికారి ఉన్నంత మాత్రమున అన్నియు చక్కబడునని నేననను. కాని అక్కడ జరిగినది అందరికి కనుపించునట్లు జరిగినది. ఆజ్ఞయు, సవరణయు, దావాయు కాగితము మీద ఉన్నవి.

పేరు దిద్దించుకొనుట

పొరుగు రాష్ట్రములలోని మన వారికి దొంగతనము కంటె ఎక్కువ బాధ పెట్టునది పేరు తప్పు. మనకు ఇంటిపేరు ముందు, పేరు తరువాత. తమిళనాట తండ్రి పేరు మొదటి అక్షరమే ఇంటిపేరు. మహారాష్ట్రములో పేరు, తండ్రి లేక భర్త పేరు, చివర ఇంటిపేరు. తెలుగు పేరును తమిళములో వ్రాసి, దానినుండి ఇంగ్లీషులోనికి ఎక్కించినప్పుడు గకారము కకారమగును, దకారము తకారమగును. మనిషి ఒక్కడే, యంత్రమునకు మువ్వురు.

మా సంఘములో కండెలు చుట్టు ఒక వృద్ధురాలికి రావలసిన సహాయము ఇట్లే ఆగిపోయినది. నేను వెంట వెళ్లితిని. గుమాస్తా మర్యాదస్థుడే. "అమ్మా, ఇది ఇక్కడ దిద్దేది కాదు, పైన దిద్దాలి" అన్నాడు. ఆమె మెట్ల వైపు చూచి, "పైకి నేను ఎక్కలేను నాయనా, నువ్వే పోయి దిద్దించుకొని రా" అన్నది. నవ్వు వచ్చినది గాని ఆమె అడిగినది సబబే. పైన అనగా ఎక్కడ? జిల్లాలోనా, రాజధానిలోనా, ఢిల్లీలోనా? ఏడు నెలలు పట్టినది. దిద్దించుకొను హక్కు చట్టములో ఉన్నది సరే. ముందుగా ఆ కార్యాలయములోని ఫిర్యాదు అధికారికి వ్రాసికొని, అక్కడ తేలనిచో బోర్డుకు పోవలెను. బోర్డు ఫిర్యాదులను కంప్యూటరు ద్వారానే విచారించును. ఊరికి దగ్గరగా మనుష్యుడు కూర్చున్న బల్ల ఒకటి ఉండవద్దా?

సమాచార హక్కు

ఇక్కడ జాగ్రత్తగా మాటాడవలెను. గోప్యత పేరుతో పట్టీలన్నియు మూసివేసినచో దొంగ మగ్గములు హాయిగా బ్రతుకును. మగ్గము లేనివానికి మగ్గము సబ్సిడీ వచ్చినదని మన వారు ఎన్నిసార్లు మొరపెట్టుకొనలేదు? దానిని ఋజువు చేయుటకు 2005 సమాచార హక్కు చట్టము దారి. అందులో వ్యక్తిగత సమాచారమును నిరాకరించుటకు ఇదివరకు షరతులుండెను: ప్రజా ప్రయోజనముతో సంబంధము లేనిదైయుండవలెను, పార్లమెంటుకు నిరాకరింపరానిది పౌరునికి నిరాకరింపరాదు. క్రొత్త చట్టము ఆ షరతులను తీసివేసి, వ్యక్తిగత సమాచారమైనచో చాలు, ఇయ్యనక్కరలేదని చేసినది. 2025 నవంబరు నుండి ఇది అమలులో ఉన్నది. ప్రజా ప్రయోజనము హానికంటె ఎక్కువైనచో ఇయ్యవచ్చునను వేరొక ఉపసెక్షను మిగిలియున్నది గనుక దరఖాస్తులో దానిని పేర్కొని అడుగవలెను: 8వ సెక్షను, 2వ ఉపసెక్షను.

ఖాతా సంఖ్యను దాచుడు, ముట్టిన మొత్తమును చూపుడు. ఈ పాటి తేడా తెలిసిన అధికారి ఉండవలెననియే గదా స్వతంత్రుడు కావలెననుట! ప్రస్తుతము గుట్టుగా ఉండవలసినది గోడకెక్కుచున్నది, గోడకెక్కవలసినది గుట్టగుచున్నది.

సంఘములు చేయదగినవి

ఇతరుల తప్పులెంచు ముందు మన బీరువాలు కూడ చూడవలెను. ఈ చట్టము సహకార సంఘములకు కూడ వర్తించును. సభ్యుల ఆధారు నకళ్లు కట్టలు కట్టలుగా బల్లపై పడియుండుట, షావుకారు గుమాస్తా వచ్చి ఫోనులో ఫోటో తీసికొని పోవుట నేను కొన్ని చోట్ల చూచితిని. నకలు తీసికొన్నప్పుడు అది ఏ పనికో, ఏ తేదీనో ఆ కాగితము మీదనే అడ్డముగా వ్రాయించవలెను. చివరి నాలుగు అంకెలు మాత్రము కనుపించు ఆధారు ప్రతిని ఆధారు సంస్థయే ఇచ్చుచున్నది. చాల పనులకు అది సరిపోవును. వేలిముద్రకు తాళము వేయు సౌకర్యము కూడ ఉన్నది. అవసరమైనప్పుడు తీసి, తిరిగి వేసికొనవచ్చును. ఇంటిలోని పిల్లలు ఫోనులో రెండు నిమిషములలో చేయుదురు, లేదా 1947కు ఫోను చేసి అడుగవచ్చును. బ్యాంకు మిత్ర వద్ద వ్రేలు పెట్టిన ప్రతిసారి రసీదు తీసికొనవలెను. "పడలేదు, మళ్లీ పెట్టు" అన్నప్పుడు కూడ, పడలేదను రసీదు అడుగవలెను. నూలుతో, రంగుతో అరిగిన వ్రేళ్లు మనవి. మళ్లీ పెట్టుమనుట మనకు అలవాటైపోయినది, మోసగానికి అదే అదను. డబ్బు పోయినట్లు తెలిసిన గడియలోనే 1930కి ఫోను చేసి, బ్యాంకుకు వ్రాతమూలముగా తెలియజేయవలెను.

రాబోవు మహాసభలలో ప్రతి సంఘమును ఒక తీర్మానము చేయవలెనని కోరుచున్నాను. డేటా రక్షణ బోర్డును ఎన్నుకొను కమిటీలో సుప్రీముకోర్టు న్యాయమూర్తి ఉండవలెను. పదవీకాలము అయిదేండ్లకు తక్కువ కారాదు. ప్రభుత్వ శాఖ తప్పువలన నష్టపోయినవానికి పరిహారము ఇయ్యవలెను. ప్రతి రాష్ట్రములో ఫిర్యాదు పుచ్చుకొను కార్యాలయము ఒకటి ఉండి, అక్కడ తెలుగులో వ్రాసిన అర్జీని త్రిప్పి పంపరాదు. తీర్మానమును తెలుగులోను, ఆయా రాష్ట్ర భాషలోను వ్రాసి, మీ పార్లమెంటు సభ్యునికి ఒక ప్రతి, చేనేత శాఖ సంచాలకునికి ఒక ప్రతి స్పీడు పోస్టులో పంపి, రసీదును మినిట్సు పుస్తకములో అంటించవలెను. సభ్యుల పేర్ల పట్టీని తీర్మానమునకు జతపరచునప్పుడు ఆధారు సంఖ్యలు వేయవద్దు.